నూటపదహార్లా? వెయ్యినూటపదహార్లా?

శ్రావణమాసం వచ్చిందంటే గుమ్మంలో శుభలేఖలు, ఇంటాయన నుదుట చెమటలు! పెళ్లికి వెళ్లడం కష్టమేమీ కాదు. కవరులో ఎంత పెట్టాలన్నదే అసలు చిక్కు.

అప్పుడు బీరువాలోంచి పాత చదివింపుల పుస్తకం బయటికి వస్తుంది. 1985లో తమ ఇంటి పెళ్లికి వారు నూటపదహార్లు చదివించినట్టు అందులో ఉంటుంది. ఇప్పుడూ అంతే ఇస్తే లెక్క సరిపోతుంది గాని ముఖం చెల్లదు. ఆనాటి నూటపదహార్లకు, ఈనాటి నూటపదహార్లకు పోలికే లేదు. కనుక పాత పుస్తకంలో చూడవలసింది పేరు. అంకెకు నేటి శక్తే కొలత.

ఇంతకీ ఈ పదహారు ఎక్కడిది? నిజాం రాజ్యంలో హాలీ సిక్కా రూపాయలు 7 ఇస్తే బ్రిటిషు రూపాయలు 6 వచ్చేవి. ఆ లెక్కన వందకు నూటపదహారు పైచిలుకు. అలవాటు అక్కడిదేనని కొందరంటారు. సున్నాతో ముగిస్తే బంధం ముగిసినట్టని మరికొందరి నమ్మకం. ఏదైతేనేం, కవరు మీద రూపాయి బిళ్ల అతికించే వచ్చి అమ్ముడుపోతోంది!

చేతిలో డబ్బు ఆడకపోతే? అయినా వెళ్లాల్సిందే. చదివింపులకు జంకి, ఒంట్లో బాగోలేదని కబురు పంపే బంధువులు ఏ ఊళ్లోనైనా ఉంటారు. పెళ్లివారికి నూటపదహార్లు తగ్గినందుకు లోటు లేదు. మేనత్త రాకపోతే మాత్రం అక్షింతలు వేసే చెయ్యి ఒకటి తగ్గినట్టే.

ఈ జంకు పోగొట్టే భారం పెళ్లివారిది కూడా. మైకులో 'ఫలానావారు అయిదువేల నూటపదహార్లు' అని చదివాక, నూటపదహార్లు పట్టుకుని వరుసలో నిలబడ్డవాడు తలెత్తలేడు. మైకులో పేరు చదివితే చాలు, అంకె పుస్తకంలో ఉంటుంది. కవర్లు విప్పడం అతిథులు బస్సెక్కాకే మేలు.

ఇప్పుడు పందిట్లో క్యూఆర్ కోడ్ అట్ట పెట్టేవారూ ఉన్నారు. చిల్లర బాధ తప్పుతుంది, సౌకర్యమే. కాని దాన్ని భోజనాల బల్ల పక్కన పెట్టకూడదు. పెళ్లిభోజనం హోటలు భోజనమైపోతుంది!

శుభలేఖలో 'కానుకలు వద్దు' అని ఉంటే? నమ్మాలి. వారి జేబులో బలవంతంగా కుక్కడం మర్యాద కాదు.

రేపు పెళ్లి ఆల్బం తిరగేస్తే అందులో కవర్లు కనిపించవు. వచ్చిన మనుషులే కనిపిస్తారు.