జంతువుల కదలికలను లెక్కించే కెమెరా: కుంగుబాటు మందుల పరిశోధనలో దాని పాత్ర, పరిమితులు

శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా తోటపల్లి గూడూరు తీరప్రాంతంలో రొయ్యలు సాగు చేసే రైతులు జీవి కదలికను బట్టి దాని స్థితిని అంచనా వేయడంలో ఆరితేరినవారు. తెల్లవారుజామున రొయ్యలు నీటి పైభాగానికి చేరి తిరుగాడుతుంటే చెరువులో ప్రాణవాయువు తగ్గిందని గ్రహించి ఏరేటర్లు నడిపిస్తారు. చెక్ ట్రేలో మిగిలిన మేతను, రొయ్య పేగును చూసి ఆ పూట మేత నిర్ణయిస్తారు. అయితే రొయ్య గట్టు పట్టడానికి ప్రాణవాయువు కొరత ఒక్కటే కారణం కాదు, వ్యాధి సోకినా అది అదే విధంగా ప్రవర్తిస్తుంది. అందువల్లనే అనుభవజ్ఞుడైన రైతు కంటికి కనిపించిన దానితో సరిపెట్టుకోక నీటిని, రొయ్యను కూడా పరీక్ష చేయిస్తాడు.

మానసిక కుంగుబాటుకు మందులు కనుగొనే శాస్త్రజ్ఞులకు ఎదురయ్యే చిక్కు కూడా ఇటువంటిదే. దిగులుగా ఉన్నదీ లేనిదీ ఎలుక నోటితో చెప్పలేదు. దాని కదలికే పరిశోధకులకు ఆధారం.

ఈ రంగంలో అత్యధికంగా వాడుకలోకి వచ్చిన పరీక్షను 1977లో రోజర్ పోర్సోల్ట్, ఆయన సహచరులు ప్రవేశపెట్టారు. బయటకు రాలేని గాజు పాత్రలోని నీటిలో చిట్టెలుకను ఆరు నిమిషాల పాటు వదులుతారు. మొదట అది తప్పించుకొనుటకు పెనుగులాడుతుంది, పిదప తల మాత్రం నీటిపై ఉంచుకొని కదలక తేలుతుంది. కుంగుబాటు మందు ఇచ్చిన చిట్టెలుక ఎక్కువసేపు పెనుగులాడుతుంది. చివరి నాలుగు నిమిషాలలో అది ఎంతసేపు నిశ్చలంగా ఉన్నదో లెక్కించడమే ఈ పరీక్షలోని కీలకాంశం. 1985లో తోక పట్టి వేలాడదీసే మరొక పరీక్ష వచ్చింది. అందులోనూ కొలిచేది నిశ్చలతనే.

తొలి రోజులలో పరిశోధకుడు స్టాప్‌వాచ్ చేతబట్టి చూసేవాడు. ఒకరికి నిశ్చలంగా తోచినది మరొకరికి స్వల్ప కదలికగా కనిపించేది. పదుల కొద్దీ జంతువులను చూసేసరికి కన్ను అలసిపోయేది. ఏ జంతువుకు మందు ఇచ్చారో పరిశీలకునికి ముందే తెలిస్తే, తెలియకుండానే లెక్క అటువైపు మొగ్గే ప్రమాదమూ ఉన్నది. ఈ లోపాలను తొలగించే ఉద్దేశంతోనే స్వయంచాలక వీడియో విశ్లేషణ అమలులోకి వచ్చింది.

దీని పని తీరు సులభంగానే బోధపడుతుంది. కెమెరా సెకనుకు 25 చిత్రాల చొప్పున తీస్తే నాలుగు నిమిషాలకు ఒక్కొక్క జంతువుకు 6,000 చిత్రాలు లభిస్తాయి. కంప్యూటరు ప్రతి చిత్రాన్ని దాని ముందు చిత్రంతో పోల్చి ఎన్ని చుక్కలు మారినవో లెక్కిస్తుంది. మార్పు నిర్ణీత హద్దుకు తక్కువైతే నిశ్చలమని, ఎక్కువైతే కదలిక అని నమోదు చేస్తుంది. ఆ హద్దును నిర్ణయించేది మాత్రం మనిషే. హద్దును కాస్త జరిపితే ఫలితమూ జరుగుతుంది. నీటిపై అలలు, దీపకాంతి ప్రతిఫలనం, తెల్లని నేపథ్యంలో తెల్లని చిట్టెలుక వంటివి కూడా లెక్కను తప్పుదారి పట్టించగలవు.

మరొక ఇబ్బంది 1995లో బయటపడింది. లోతైన నీటిలో ఎలుకలను పరిశీలించిన పరిశోధకులు పెనుగులాటలో రెండు తీరులున్నవని వెల్లడించారు. సెరటోనిన్‌పై పనిచేసే మందులు ఈతను పెంచితే, నోరడ్రినలిన్‌పై పనిచేసేవి గోడ పైకి ఎగబాకే ప్రయత్నాన్ని పెంచినవి. చుక్కల మార్పును మాత్రమే లెక్కించే పాత పద్ధతికి ఈ రెండూ కదలికగానే కనిపిస్తాయి. 2018లో వెలువడిన డీప్‌ల్యాబ్‌కట్ వంటి సాఫ్ట్‌వేర్లు ముక్కు, చెవులు, తోక మొదలు వంటి శరీర భాగాలను విడివిడిగా గుర్తించి వెంబడించగలవు కనుక ఇటువంటి తేడాలను పట్టుకొనుటకు వీలు కలిగింది. 2020లో ప్రచురితమైన ఒక స్విట్జర్లాండ్ అధ్యయనంలో ఈ విధానం మనిషి పరిశీలనతో సమానమైన కచ్చితత్వాన్ని కనబరచింది. అయితే ఆ యంత్రానికి కూడా కొన్ని వందల చిత్రాలపై గుర్తులు పెట్టి నేర్పవలసినది మనిషే.

ఎలుకల వలెనే జీబ్రా చేపనూ ఈ పరిశోధనలలో వాడుతున్నారు. ఇది భారత ఉపఖండపు మంచినీటి చేప. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపలను వర్ణిస్తూ దీనిని నమోదు చేశారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీలో కూడా ఈ చేపపై జీవశాస్త్ర పరిశోధనలు జరుగుతున్నవి. కొత్త తొట్టిలో వదిలినప్పుడు జీబ్రా చేప మొదట అడుగునే ఉండి, బెదురు తీరిన కొద్దీ పైకి వస్తుంది. కొన్ని రోజుల పాటు ఫ్లూఆక్సెటిన్ ఇచ్చిన చేపలు పైభాగంలో ఎక్కువసేపు గడుపుతాయని 2009లో తేలింది. తోటపల్లి గూడూరు చెరువులో రొయ్య పైకి రావడం ఆపదకు సూచన కాగా, ప్రయోగశాల తొట్టిలో చేప పైకి రావడం బెదురు తగ్గిందనుటకు గుర్తు. రెండింటినీ కెమెరా ఒకే విధంగా చిత్రిస్తుంది.

అలాగే చిట్టెలుక ఎక్కువగా కదిలినంత మాత్రాన కుంగుబాటు తగ్గిందని చెప్పలేము. కాఫీలోని కెఫీన్ వంటి ఉత్తేజకాలు కూడా నిశ్చలతను తగ్గించగలవు. కాబట్టి అదే మోతాదుతో బహిరంగ పెట్టెలో సాధారణ సంచారాన్ని వేరుగా కొలవడం అవసరం. అన్నింటికన్న ముఖ్యమైన వ్యత్యాసం కాలానికి సంబంధించినది. చిట్టెలుకలో ఒక్క మోతాదుతోనే మార్పు కనిపించవచ్చు, రోగికి ఉపశమనం కలగడానికి సాధారణంగా కొన్ని వారాలు పడుతుంది. మందు వడపోతకు ఈ పరీక్ష ఉపకరించినా, వ్యాధి నయమైన తీరును ఇది కొలవదు. నిశ్చలత నిరాశకు చిహ్నమా, శక్తిని ఆదా చేసుకొనే ఉపాయమా అన్న వాదన ఇప్పటికీ తెగలేదు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం 2024లో ఈత పరీక్షను నిషేధించింది. మన దేశంలో జంతు ప్రయోగాలు 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, 1998 నిబంధనలకు లోబడి, సంస్థాగత జంతు నైతిక సంఘం అనుమతితో మాత్రమే జరగాలి.

కుంగుబాటు మందులు వాడుతున్నవారు మొదటి కొద్ది రోజులలో గుణం కనిపించలేదని వాటిని తమంతట తాము ఆపివేయరాదు. ఆపడం, మోతాదు మార్చడం వైద్యుని సలహా మేరకే జరగాలి. మానసిక సమస్యలపై సలహా కోరేవారు 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ సేవకు 14416 నంబరుపై రోజులో ఏ సమయంలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చును.