ప్రత్తి చేను - నేలలోని సూక్ష్మజీవులు

పెబ్బేరు సంతలో ఎద్దును కొనువాడు దాని పండ్లు చూచి, నడిపించి చూచిన పిదపనే బేరమాడును. మన పొలముల నేలను మాత్రము మనము అంత శ్రద్ధతో పరీక్షింపము. చిటికెడు మట్టిలో కోట్ల సూక్ష్మజీవులు కలవు. రాలిన ఆకును ఎరువుగా మార్చునవి అవియే.

ఈ సీమలో ప్రత్తి విరివిగా పండుచున్నది. కృష్ణకు ఆవల గద్వాల ప్రాంతమున ప్రత్తి విత్తనముల సాగు పేరొందినది. మన దేశమున బీటీ ప్రత్తికి 2002లో అనుమతి లభించినది. పురుగును చంపు పైరు నేలను గూడ చంపదా యని రైతు సందేహించుట సహజము. నేల చెడినచో తరువాత వేయు వేరుసెనగకును నష్టమే గదా!

బీటీ యనగా బాసిల్లస్ తురింజియెన్సిస్ అను సూక్ష్మజీవి. 1901లో జపాను శాస్త్రజ్ఞుడు ఇషివాటా పట్టుపురుగుల తెగులును పరిశీలించుచు దీనిని కనుగొనెను. ఇది నేలలో సహజముగా నుండునదే. దీని జన్యువును చేర్చుటచే ప్రత్తి మొక్కయే ఒక మాంసకృత్తును తయారుచేయును. కాయతొలుచు పురుగు తినగా, క్షారగుణముగల దాని ప్రేగులో అది కరగి, ప్రేగుగోడకు రంధ్రములు చేయును. సూక్ష్మజీవులకు అట్టి ప్రేగు లేదు. కావున అవి నేరుగా చచ్చుట అరుదు.

అయినను ఆ మాంసకృత్తు రాలిన ఆకులతో, మిగిలిన వ్రేళ్ళతో నేలను చేరును. బంకమట్టి రేణువులకు అంటుకొనినచో త్వరగా నశింపదు. న్యూయార్కు విశ్వవిద్యాలయమున స్టాట్జ్కీ బృందము 1998లో ప్రకటించిన పరీక్షలలో, 234 దినముల తరువాత గూడ దాని పురుగులను చంపు గుణము నిలిచియుండెను. కాని ఆ ప్రయోగశాలయే 2001లో, బీటీ మొక్కజొన్న పెరిగిన మట్టిలో వానపాములకు, బాక్టీరియాలకు, బూజులకు హాని కానరాలేదని తెలిపెను. మొక్కజొన్న వ్రేళ్ళనుండి ఊరు ఆ పదార్థము ప్రత్తి వ్రేళ్ళనుండి ఊరలేదని 2004లో వెల్లడించెను.

కాబట్టి మనము ఎక్కువగా భయపడవలసినది జన్యువును గూర్చి కాదు, మన అలవాటును గూర్చి. ఏటేటా ప్రత్తిమీద ప్రత్తియే వేయుట, కట్టెను చేలోనే కాల్చుట, పశువుల ఎరువు మానుట - ఇవి సూక్ష్మజీవుల నోటి కూడు తీయును. నడుమ కంది వేసినచో దాని వ్రేళ్ళబుడిపెలలోని బాక్టీరియాలు గాలిలోని నత్రజనిని పైరునకందించును. కట్టెను ముక్కలుచేసి కుళ్ళబెట్టినచో నేల తిండి నేలకే చేరును.

పరీక్షకు సులువైన మార్గమొకటి కలదు. రంగులేని నూలుగుడ్డ పీలికలు రెండు తీసికొని, ఒకటి ఎరువు వేసిన మడిలోను, ఒకటి వేయని మడిలోను జానెడు లోతున పాతిపెట్టవలెను. పదనుండగా రెండునెలలుంచి త్రవ్వి తీయవలెను. నూలు సూక్ష్మజీవులకు ఆహారము. చివికి చిల్లులుపడిన పీలిక నేల జీవించియున్నదని చెప్పును. చెక్కుచెదరక వచ్చిన పీలికను చూచి సంతోషింపరాదు. ఆ మడికే బండెడు పెంట ముందుగా తోలవలెను.