తుపాను తీరం దాటింది... కొండకు గండం మొదలైంది!

పర్లాకిమిడి: కార్తీకం వచ్చిందంటే సరిహద్దు పల్లెల్లో పొద్దున్నే లేచి అందరూ చూసేది ఒక్కటే. కొండ కనిపిస్తోందా, లేదా? తేటగా కనిపిస్తే కొడవలి పట్టుకుని పొలానికి బయల్దేరతారు. తలకు మబ్బు చుట్టుకుని ఉంటే ఆ రోజుకి కోత ఆగినట్టే. చేతికొచ్చే వరి ఒకపక్క, ఎప్పుడు ముసురు పడుతుందోనన్న బెంగ మరోపక్క. గజపతి, రాయగడ జిల్లాల్లో కొండల కింద ఉండే తెలుగు రైతుకు ఏడాది మొత్తంలో నిద్రపట్టని రోజులు ఇవే.

ఆ బెంగ ఉత్తినే కాదని 2025 అక్టోబరు ఆఖరి వారం మరోసారి చూపించింది.

చవితినాడు మొదలై...

ఆ ఏడాది అక్టోబరు 25, శనివారం. నాగుల చవితి. ఇక్కడ ఆడవాళ్లు పుట్టలో పాలు పోస్తున్న రోజునే అక్కడ బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడింది. ఆదివారానికి తీవ్ర వాయుగుండమైంది. సోమవారం తుపానుగా మారింది. దాని పేరు మొంథా. మంగళవారం తీవ్ర తుపానై, ఆ రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 90 నుంచి 100 కిలోమీటర్లు.

నరసాపురం ఎక్కడ, పర్లాకిమిడి ఎక్కడ? మధ్యలో మూడు వందల కిలోమీటర్లకు పైనే దూరం. అయినా గజపతి, రాయగడ, కొరాపుట్, మల్కాన్‌గిరి సహా దక్షిణ ఒడిశాలోని ఎనిమిది జిల్లాలను అక్కడి ప్రభుత్వం ముందుగానే అప్రమత్తం చేసింది. నెలలు నిండిన గర్భిణులను ఆసుపత్రులకు తరలించింది. అనుకున్నట్టే గజపతి జిల్లాలో కొండచరియలు విరిగి బండరాళ్లు రోడ్లకు అడ్డంగా పడ్డాయి.

అప్పటికే ఈ కొండలు నానిపోయి ఉన్నాయి. అదే నెల 2న, విజయదశమి నాడు, తీవ్ర వాయుగుండం ఒకటి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఆ వానలకు గజపతి జిల్లాలో కొండచరియలు విరిగి ప్రాణాలు కూడా పోయాయి. నెల తిరక్కుండానే రెండో దెబ్బ తగిలింది.

కొండ వానను పిండుతుంది

తీరంలో ఉన్నవాళ్లకు తుపాను అంటే గాలి. కొండల్లో ఉన్నవాళ్లకు తుపాను అంటే నీళ్లు. సముద్రం మీది తడిగాలి మైదానం మీదుగా వచ్చి తూర్పు కనుమలను ఢీకొంటుంది. దారిలేక పైకి లేస్తుంది. పైకి వెళ్లేకొద్దీ చల్లబడి, మోసుకొచ్చిన నీటినంతా అక్కడే కుమ్మరిస్తుంది. మహేంద్రగిరి ఎత్తు సుమారు 1,500 మీటర్లు. సముద్రానికి ఇంత దగ్గర్లో అంత ఎత్తు గోడ ఉంటే మబ్బు ఊరికే దాటిపోదు.

ఇక నేల సంగతి. కొండవాలులో అడుగున రాయి, పైన మట్టి. రెండు మూడు రోజులు ముసురు పడితే ఆ మట్టి నీళ్లు తాగి బరువెక్కుతుంది. అడుగున ఉన్న రాతి మీద పట్టు సడలుతుంది. ఆపైన ఒక గంట కుండపోత చాలు, వాలు మొత్తం జారిపోవడానికి. చెట్లు కొట్టేసిన చోట, రోడ్డు కోసం వాలును నిలువుగా కోసిన చోట ప్రమాదం ఇంకా ఎక్కువ. వాన వెలిశాక కూడా కొండ జారడానికి కారణం ఇదే. లోపల చేరిన నీరు వెంటనే బయటికి పోదు కదా.

తిత్లీ నేర్పిన పాఠం

2018 అక్టోబరు 11ను ఈ ప్రాంతం మరచిపోలేదు. తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. రెండు రాష్ట్రాల్లోనూ అందరి చూపూ తీరం మీదే ఉంది. తుపాను మాత్రం దిశ మార్చుకుని గజపతి కొండల మీదుగా వెళ్లింది. ఆ జిల్లాలోని బరఘరా గ్రామం వద్ద వానకు తలదాచుకోవడానికి కొండ గుహలాంటి చోట చేరినవారి మీద చరియ విరిగిపడింది. పన్నెండు మందికి పైగా చనిపోయారు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. వాళ్లు ఇళ్లలో నిర్లక్ష్యంగా కూర్చున్నవాళ్లు కారు. ప్రాణం కాపాడుకోవాలనే వెళ్లారు. వెళ్లిన చోటే ప్రమాదకరమైంది. కాబట్టి కొండ ప్రాంతంలో ఇల్లు వదలడం ఒక్కటే చాలదు. ఎక్కడికి వెళ్లాలన్నది కూడా ముందే తేల్చుకోవాలి.

కొండ మీద పడ్డ నీళ్లు కొండ మీదే ఉండవు. గెడ్డలు మహేంద్రతనయలోకి, మహేంద్రతనయ వంశధారలోకి చేరతాయి. ఆ నీరంతా శ్రీకాకుళం జిల్లాలోని గొట్టా బ్యారేజీ దాటి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఒడిశాలో ముసురు పడితే ఆంధ్రాలో వరద. సరిహద్దు మనుషులకే గానీ నీటికి లేదు.

మన టీవీలో మన ఊరు లేదు

సరిహద్దు తెలుగువాళ్లకు మరో చిక్కు ఉంది. ఇంట్లో చూసేది తెలుగు ఛానళ్లు. అందులో చెప్పేది ఉత్తరాంధ్ర జిల్లాల సంగతి. మన జిల్లా హెచ్చరిక వచ్చేది భువనేశ్వర్ వాతావరణ కేంద్రం నుంచి, అదీ ఒడియాలో. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసింది. పిల్లలు బడిలో ఒడియా నేర్చుకున్నారు గానీ పెద్దవాళ్లు చాలామంది ఇప్పటికీ చదవలేరు. కొండల మీది సవరలకైతే అటు తెలుగూ, ఇటు ఒడియా రెండూ పరాయి భాషలే. హెచ్చరిక వచ్చిందా అన్నది సగం ప్రశ్నే. ఎవరికి అర్థమైందన్నది మిగతా సగం. ఇంట్లో ఒడియా చదవగలిగే కుర్రాడో, అమ్మాయో ఉంటే జిల్లా బులెటిన్ రోజూ చదివి, తాతకూ పక్కింటి అత్తకూ చెప్పాలి. పైసా ఖర్చులేని పని ఇది.

బులెటిన్‌లో భారీ వర్షం అంటే ఒక రోజులో 7 నుంచి 11 సెంటీమీటర్లు. అతి భారీ అంటే 12 నుంచి 20. అత్యంత భారీ అంటే 20 దాటినట్టు. వాలు కింద ఉన్న ఊరు రెండో మాట వినగానే కదలాలి. మూడో మాట దాకా ఆగకూడదు.

ఇవి గుర్తుంచుకోండి

* వాలులో కొత్త పగుళ్లు, ఒరిగిన చెట్లు, ఉన్నట్టుండి బిగుసుకుపోయే తలుపులు కనిపిస్తే నేల కదులుతున్నట్టే.
* గెడ్డ నీరు హఠాత్తుగా బురదగా మారినా, వాన పడుతుండగానే తగ్గిపోయినా పైన ఎక్కడో మట్టి జారి అడ్డుపడి ఉండొచ్చు. వెంటనే గెడ్డకు దూరంగా వెళ్లాలి.
* బండల చాటు, గుహ, గెడ్డ ఒడ్డు ఆశ్రయాలు కావు. బడి అయినా, పంచాయతీ భవనం అయినా వాలుకు దూరంగా ఉందో లేదో ఎండ రోజుల్లోనే చూసుకోవాలి.
* ముసురు హెచ్చరిక ఉంటే వరి కోయవద్దు. కోసిన పనలు తడిస్తే మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లాలి. నిలిచిన చేలో గట్టు తెగ్గొట్టి నీరు తీసేయాలి.

పంట పోతే వచ్చే ఏడాది మళ్లీ నాటుకోవచ్చు. తుపాను తీరం దాటిందని టీవీ చెప్పగానే ఊపిరి పీల్చుకోవడం సముద్రం పక్కవాళ్ల అలవాటు. మనం మాత్రం ఇంకో మూడు రోజులు ఆగాలి. కొండ మళ్లీ తేటగా కనిపించి, గెడ్డ నీరు తేరుకున్నాకే మనకు గండం గడిచినట్టు.