మనుషులు దొరకట్లేదా, ఆ జీతానికి దొరకట్లేదా?

2012 ప్రాంతంలో పెద్ద ఐటీ సర్వీస్ కంపెనీలో చేరిన ఫ్రెషర్‌కి ఏడాదికి మూడు, మూడుంపావు లక్షల ప్యాకేజీ ఇచ్చేవారు. ఇప్పుడు అదే మెట్టు మీద చేరేవాళ్లకి మూడున్నర లక్షల చుట్టుపక్కల ఇస్తున్నారు. ఈలోపు వినియోగదారుల ధరల సూచీ దాదాపు రెట్టింపైంది. 2010లో 45 రూపాయలున్న డాలరు 2024 చివరికి 85కి చేరింది. క్లయింటు కట్టే బిల్లు డాలర్లలోనే ఉంటుంది. బిల్లింగ్ రేట్ల మీద బేరాలు గట్టిగానే సాగాయి, కాదనను. కానీ ఆ ఒత్తిడంతా జీతాల పట్టికలో అట్టడుగు వరుసలో ఉన్నవాళ్లే ఎందుకు మోయాలి?

మరోవైపు పరిశ్రమ పెద్దలు ఏ సదస్సులో మాట్లాడినా నైపుణ్యాల కొరత ప్రస్తావన రాక మానదు. మన ఇంజినీర్లలో బహుళజాతి కంపెనీలకు పనికొచ్చేది నూటికి 25 మందేనని 2005లోనే నాస్కామ్-మెకిన్సీ నివేదిక చెప్పింది. ఇరవై ఏళ్లుగా ఆ మాట తిరుగుతూనే ఉంది. మదనపల్లె మార్కెట్‌కి టమాటా తక్కువగా వస్తే ఆ పూటే ధర ఎగురుతుంది. మనుషుల కొరత నిజమైతే ఆ కదలిక జీతంలోనూ కనిపించాలి.

ఒకసారి కనిపించింది. కోవిడ్ తర్వాత ప్రాజెక్టులు వెల్లువెత్తినప్పుడు అనుభవం ఉన్నవాళ్లు రెండు మూడు ఆఫర్లు చేతిలో పెట్టుకుని బేరమాడారు. 2022 ఏప్రిల్-జూన్ మధ్య ఇన్ఫోసిస్‌లో అట్రిషన్ (ఉద్యోగులు మానేసి వెళ్లే రేటు) 28.4 శాతానికి చేరింది. జీతాలు పెంచిన చోటికి మనుషులు వచ్చారు. అంతకుముందు ఆర్థిక సంవత్సరంలో ఇన్ఫోసిస్ 85 వేల మంది ఫ్రెషర్లను, టీసీఎస్ లక్ష మందిని తీసుకున్నాయి. అంత గిరాకీలోనూ మామూలు ఫ్రెషర్ ప్యాకేజీ ఉన్నచోటే ఉంది. గిరాకీ చల్లబడ్డాక, 2023 ఫిబ్రవరిలో, ఆరున్నర లక్షలకు ఆఫర్ ఇచ్చిన పిల్లల్ని మూడున్నర లక్షలకు చేరమని విప్రో అడిగింది.

పెద్ద కంపెనీలు కూడబలుక్కుని ఫ్రెషర్ల జీతాలు పెరగనివ్వడం లేదని 2017లో బహిరంగంగా అన్నది బయటివాళ్లెవరో కాదు, ఇన్ఫోసిస్‌లో ఆర్థిక వ్యవహారాలు చూసిన మోహన్‌దాస్ పాయ్. అమెరికాలో ఇలాంటి సంగతి కోర్టుకే ఎక్కింది. ఒకరి ఇంజినీర్లను మరొకరు పిలవకూడదని ఒప్పందం చేసుకున్నారంటూ ఉద్యోగులు వేసిన దావాలో యాపిల్, గూగుల్, ఇంటెల్, అడోబీ 2015లో 41.5 కోట్ల డాలర్లు చెల్లించి రాజీపడ్డాయి.

హైదరాబాద్‌లో అంత రహస్య ఒప్పందం కూడా అక్కర్లేదు. ఉద్యోగం మారాలనుకునేవాళ్లకి వచ్చే మొదటి ఫోన్ చాలు. ‘కరెంట్ సీటీసీ ఎంతండీ? ఎక్స్‌పెక్టెడ్ ఎంత? నోటీస్ పీరియడ్ ఎన్ని రోజులు?’ ఈ మూడింట్లో పని గురించిన ప్రశ్న ఒక్కటీ లేదు. కొత్త జీతం కడుతున్నది పాత జీతం మీద, దానికి ఇంత శాతం హైక్ అని. మొదటి ఉద్యోగంలో తక్కువకు కుదిరినవాళ్లని ఆ తక్కువ పదేళ్లు వెంటాడుతుంది. మూడు నెలల నోటీసు కట్టేసి పెడుతుంది. ప్రకటనలో మాత్రం ‘ఇమ్మీడియట్ జాయినర్స్ ఓన్లీ’ అని ఉంటుంది. తన ఉద్యోగిని తొంభై రోజులు వదలని కంపెనీకి పక్క కంపెనీ ఉద్యోగి రేపే కావాలి. కొరతలో కొంత భాగం ఇలా చేతులారా తెచ్చిపెట్టుకున్నదే.

శిక్షణ ఖర్చూ ఇంటి మీదకే జరిగింది. మూడున్నర లక్షల ప్యాకేజీలో పీఎఫ్, బీమా వగైరాలు పోగా నెలకు చేతికొచ్చేది పాతిక వేల చుట్టూ ఉంటుంది. ఆ ఉద్యోగం కోసం ముందే అమీర్‌పేట మైత్రీవనం దగ్గర ఫుల్ స్టాక్‌కో డెవాప్స్‌కో ఫీజు కట్టి, నెలల తరబడి హాస్టల్లో ఉండి నేర్చుకుంటారు. ఆ డబ్బు పొలం మీదో బంగారం మీదో తెచ్చినదై ఉంటుంది. తీరా చూస్తే ప్రకటనల్లో మూడేళ్ల అనుభవం అడుగుతారు. ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టడం తప్పే. కానీ కొత్తవాళ్లకి జీతమిచ్చి నేర్పే ఓపిక కంపెనీలకు తగ్గినకొద్దీ ఆ దందా పెరుగుతుంది.

అసలు కొరతే లేదని నేను అనడం లేదు. చిప్ వెరిఫికేషన్, సైబర్ భద్రత, పెద్ద సిస్టమ్‌లను మొదటినుంచి డిజైన్ చేయడం మూడు నెలల కోర్సుతో వచ్చేవి కావు. వాటికి పునాది కాలేజీలో పడాలి. ఎంటెక్ చేసి ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో పాఠం చెప్పే అధ్యాపకుడికి ఆ ఫ్రెషర్ జీతమే ఇచ్చే యాజమాన్యాలున్నాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు పేరుకుపోతే అదీ నెలలు ఆగుతుంది. బాగా చెప్పగలిగినవాళ్లు వీలు దొరకగానే వెళ్లిపోతారు. నిజమైన కొరత మూలం వెతుక్కుంటూ పోయినా చివరికి తేలేది జీతం దగ్గరే.

2025 జులైలో టీసీఎస్ 12 వేల మందికి పైగా ఉద్యోగులను తగ్గిస్తానన్నప్పుడు, కారణం ఏఐ కాదని, నైపుణ్యాలు పొసగకపోవడమని సీఈవో కృత్తివాసన్ చెప్పారు. వాళ్లలో ఎక్కువమంది మధ్య, పై స్థాయివాళ్లు. ఏళ్ల తరబడి ఏ ప్రాజెక్టులో వేస్తే అందులో పనిచేసినవాళ్లు. క్లయింటు పాత అప్లికేషన్ ఆగకుండా నడవాలంటే ఎవరో ఒకరు దాని దగ్గరే ఉండాలి. అక్కడ ఉంచింది కంపెనీయే అయినప్పుడు కొత్తది నేర్పే బాధ్యత కూడా కంపెనీదే.

కాలిఫోర్నియాలో 2018 నుంచి కొత్తగా చేరేవాళ్లని పాత జీతం ఎంతని అడగకూడదు. 2023 నుంచి ఉద్యోగ ప్రకటనలోనే జీతం ఎంత నుంచి ఎంత వరకో రాయాలి. ఆ నిబంధన పాటిస్తున్న కంపెనీల్లో ఎన్నింటికో గచ్చిబౌలిలో ఆఫీసులున్నాయి. ఇక్కడ కూడా అలాంటి షరతులు అడగాల్సిన సమయం ప్రభుత్వం కంపెనీలకు భూమి ఇచ్చేటప్పుడే. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విశాఖలో టీసీఎస్‌కి, కాగ్నిజెంట్‌కి నామమాత్రపు 99 పైసల ధరకు భూములు కేటాయించింది. టీసీఎస్‌తో 12 వేలు, కాగ్నిజెంట్‌తో 8 వేల ఉద్యోగాలు వస్తాయని చెప్పారు. ఇకమీదట ఇచ్చే ప్రతి ఎకరానికీ ఉద్యోగాల సంఖ్యతోపాటు ఫ్రెషర్‌కి కనీసం ఎంత జీతమో, నోటీసు గడువు ఎన్ని రోజులో కూడా ఒప్పందంలో రాయించాలి.