ఇంటికొక విద్యుత్ గాదె: ఖర్చెంత, కష్టమెంత?

2024 నవంబరు 30వ తేదీ రాత్రి ఫెంగల్ తుపాను పుదుచ్చేరి సమీపాన తీరం దాటింది. ఇరవైనాలుగు గంటలలో పట్టణంలో సుమారు 48 సెంటీమీటర్ల వర్షం కురిసింది. కృష్ణానగర్ వంటి పల్లపు ప్రాంతాలలో నీరు ఇళ్ళలోకి ప్రవేశించగా సైనికులు వచ్చి జనాన్ని తరలించవలసి వచ్చింది. 2011 డిసెంబరు 30న థానే తుపాను తాకినప్పుడు ఈ తీరంలో అనేక వాడలు రోజుల తరబడి చీకటిలో మగ్గాయి. ఇదే కేంద్రపాలిత ప్రాంతానికి చెందిన మన యానాం 1996 నవంబరు 6 నాటి తుపానును నేటికీ మరువలేదు.

అటువంటి రాత్రులలో దీపం లేకపోవడం పెద్ద కష్టం కాదు, కొవ్వొత్తి ఉన్నది. కాని ఫ్రిజ్‌లో ఇన్సులిన్ ఉన్న ఇల్లు, ఆక్సిజన్ యంత్రంపై ఆధారపడిన వృద్ధులున్న ఇల్లు ఏమి చేయాలి? ధాన్యాన్ని గాదెలో పోసుకున్నట్లు విద్యుత్తును నిల్వ చేసుకొనే బ్యాటరీని స్వయంగా కూర్చుకుంటే చౌక కదా అన్న ఆలోచన ఇక్కడే పుడుతున్నది.

ఈ నిల్వ విద్య కొత్తది కాదు. తిరిగి ఛార్జి చేయదగిన సీసపు బ్యాటరీని 1859లో కనిపెట్టిన గాస్తోన్ ప్లాంతే, ఒకప్పుడు పుదుచ్చేరిని ఏలిన ఫ్రాన్సు దేశస్థుడే. మన ఇన్వర్టర్ల కింద నేటికీ కూర్చున్నది ఆ వంశానిదే. దానికి పోటీగా వచ్చిన లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లు అమెరికాలో జాన్ గుడెనఫ్ ప్రయోగశాలలో 1990ల నడుమ రూపుదాల్చింది. ఆయనకు 2019లో నోబెల్ బహుమతి లభించింది. లిథియం బ్యాటరీల ప్రపంచ సగటు ధర 2010లో కిలోవాట్ అవరుకు, అంటే ఒక యూనిట్ నిల్వకు, వేయి డాలర్లకు పైమాట. 2024 నాటికి 115 డాలర్లకు దిగివచ్చింది. సామాన్యునికి ఆశ కలగడానికి కారణం ఇదే.

ముందు అవసరాన్ని లెక్కించుకోవాలి. తక్కువ కరెంటు తీసుకొనే కొత్త రకం ఫ్యాన్లు నాలుగు పది గంటలు తిరిగితే సుమారు 1.2 యూనిట్లు. ఫ్రిజ్‌కు రోజుకు ఒక యూనిట్. దీపాలకు, ఫోన్లకు అర యూనిట్‌కు లోపే. అన్నీ కలిపి మూడు యూనిట్లు మించవు. ఆక్సిజన్ యంత్రమైతే గంటకు 300 వాట్లు తాగుతుంది. పది గంటలకు అదొక్కటే మూడు యూనిట్లు. కాబట్టి ఐదు యూనిట్ల గాదె ఒక సాధారణ కుటుంబానికి ఒక రాత్రి, మరునాటి పగలు గడుపుతుంది. లేదా యంత్రాన్ని ఒక్కదానినే పన్నెండు గంటలు నడుపుతుంది.

3.2 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ల సెల్లులు పదహారు వరుసగా కలిపితే 51.2 వోల్టులు, 5.12 యూనిట్లు. ధరలు అంగడినిబట్టి మారుతుంటాయి; లెక్క కోసం సెల్లు 3,000 రూపాయలు అనుకుందాం. సెల్లులకు 48,000. ప్రతి సెల్లునూ కాపు కాచి, వోల్టేజి 3.65 దాటినా 2.5 కంటె దిగినా సరఫరాను తెంచివేసే బి.ఎం.ఎస్. అనే కావలి పరికరానికి 8,000. రాగి పట్టీలు, తీగలు, ఫ్యూజు, డి.సి. బ్రేకరు, పెట్టె వగైరాలకు 9,000. పరీక్షా పరికరాలు, పనిముట్లు 5,000. వెరసి 70,000. ఇన్వర్టరు లెక్క వేరు. ఎవరు చేసిన బ్యాటరీకైనా అది తప్పదు. ఇంతే సామర్థ్యం గల తయారీ లిథియం బ్యాటరీ సాధారణంగా లక్ష రూపాయల చుట్టూ, లేక అంతకు పైన పలుకుతుంది. నాలుగు సీసపు బ్యాటరీలు 60,000కే రావచ్చు గాని, వాటి 7.2 యూనిట్లలో సగం మాత్రమే వాడుకోవడం మంచిది. నాలుగైదేళ్ళకు మళ్ళీ కొనాలి.

అనగా స్వయంకృషికి దక్కే లాభం సుమారు 30,000. ఆ సొమ్ముకు బదులుగా మనం నెత్తిన వేసుకొనేది కర్మాగారపు బాధ్యత. గ్యారంటీ ఉండదు. కొత్తవని అమ్మే సెల్లులలో వాహన కంపెనీలు తిరస్కరించినవి కలుస్తున్నాయి. అందుకే ఒక్కొక్కదానిని పూర్తిగా ఛార్జి చేసి, ఖాళీచేసి కొలవాలి. తరువాత పదహారింటినీ ఒకే మట్టానికి తేవాలి. ఈ పనికే కొన్ని రోజులు పడుతుంది. 51 వోల్టులు చేతికి తెలియకపోవచ్చు. కాని ఒక స్పానరు జారి రెండు కొసల మీద పడితే వేల ఆంపియర్లు ప్రవహించి ఇనుమే కరుగుతుంది. పిడికి టేపు చుట్టని పనిముట్టును దగ్గరకు రానీయరాదు.

ఐరన్ ఫాస్ఫేట్ సెల్లు ఇతర లిథియం జాతులకంటె సాధువే. అయినా 2022 ఏప్రిల్‌లో విజయవాడలో పడకగదిలో ఛార్జి అవుతున్న స్కూటరు బ్యాటరీ పేలి ఇంటి యజమాని మరణించాడు. అదే సంవత్సరం సెప్టెంబరు 12న సికింద్రాబాదులో విద్యుత్ స్కూటర్ల దుకాణంలో మొదలైన అగ్నిప్రమాదం పై అంతస్తుల హోటలులో 8 మందిని బలిగొన్నది. అవి ఇంట కూర్చినవి కావు, కర్మాగారంలో తయారైన వాహనాల బ్యాటరీలు! పడకగది, మెట్ల కింది చోటు బ్యాటరీకి తగవు.

పుదుచ్చేరి వాసికి మరికొన్ని చిక్కులున్నాయి. ఉప్పుగాలికి రాగి పట్టీల కీళ్ళు పచ్చబడి వేడెక్కుతాయి; ఆరు నెలలకొకసారి శుభ్రపరచి బిగించాలి. మే నెల ఎండకు డాబాపై గదిలో సెల్లుల ఆయుష్షు తరుగుతుంది. నేలమీద పెడితే వరద. నీడగల గోడకు, గత వరద మట్టానికి ఎగువన అమర్చడమే మార్గం. సున్నా డిగ్రీల కంటె చల్లబడితే ఛార్జి చేయరాదన్న హెచ్చరిక మాత్రం ఇక్కడివారు నిశ్చింతగా మరచిపోవచ్చు.

ఇక అసలు ఖరీదు. రోజూ నాలుగు యూనిట్లు నింపి తీస్తే, మూడు వేల మార్లకు పన్నెండు వేల యూనిట్లు. నిల్వ ఖర్చు యూనిట్‌కు సుమారు 6 రూపాయలు. ఏడాదికి ఇరవై రోజులే అవసరపడితే పదేళ్ళలో ఎనిమిది వందల యూనిట్లు. యూనిట్‌కు సుమారు 88 రూపాయలు! కరెంటు బిల్లు తగ్గుతుందని బ్యాటరీ కట్టబూనేవారు ఈ రెండంకెలను పక్కపక్కన వ్రాసుకోవాలి. ఇంటికప్పు సౌరఫలకాలకు 2024లో మొదలైన కేంద్ర పథకం 78,000 రూపాయల వరకు ఇచ్చే సబ్సిడీ కూడా బ్యాటరీకి వర్తించదు. పైగా బ్యాటరీ లేని సౌరఫలకాలు లైను పోగానే ఎండ కాస్తున్నా ఆగిపోతాయి. ఈ సంగతి చాలామందికి తుపాను మరునాడే తెలుస్తున్నది.

నా దృష్టిలో, విద్యుత్ పని ఎరిగినవాడు, ఇంట్లో రోగి ఉన్నవాడు ఈ 88 రూపాయలను ఎక్కువనుకోనక్కరలేదు. అయితే ప్రాణం దానిపైనే ఆధారపడినచోట గ్యారంటీ గల బ్యాటరీ కొనడమే వివేకం. ఒక ఆక్సిజన్ సిలిండరు కూడా పక్కన ఉండాలి. మిగిలినవారికి ఫ్యాన్లు మార్చుకొని, చిన్న ఇన్వర్టరుతో సరిపెట్టుకోవడం చాలు.

ఎవరు కూర్చినా, ఇంటి తీగలను వీధి లైను నుండి వేరుచేసే ఛేంజోవర్ స్విచ్చిని లైసెన్సు గల ఎలక్ట్రీషియన్ చేతనే పెట్టించాలి. లేకుంటే గాలివాన వెలిసాక స్తంభమెక్కిన లైన్‌మన్‌కు మన బ్యాటరీ కరెంటే తగులుతుంది. అది కుదిరాక, ఈశాన్య ఋతుపవనాలకు ముందు ఒక ఆదివారం సాయంత్రం మెయిన్ ఆపివేసి, ఫ్రిజ్, ఫ్యాన్లు నడిపి, ఎన్ని గంటలకు బ్యాటరీ అడుగంటినదీ గోడమీద వ్రాసిపెట్టుకోండి.