పట్టూ విడుపూ తెలిసిన పూసలు

వానలు మొదలయ్యాయంటే కొయ్యూరు మన్యంలో ఆశా కార్యకర్త సంచిలోకి మలేరియా కిట్లు చేరతాయి. ఎవరో చలిజ్వరంతో వణుకుతున్నారని కబురొస్తే ఆమె ఆ ఇంటి అరుగు మీదే కూర్చుని పరీక్ష చేసేస్తుంది. వేలి కొసన గుచ్చి ఐదు మైక్రోలీటర్ల నెత్తురు, అంటే మామూలు చుక్కలో పదో వంతు, తీసి ప్లాస్టిక్ బిళ్ల మీది చిన్న గుంటలో పెడుతుంది. పక్క గుంటలో ద్రావణం వేస్తుంది. తెల్ల పట్టీ మీద గులాబీ రంగు మెల్లగా పాకుతుంది. పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గీత తేలితే కిట్ బాగానే ఉందని అర్థం. ఇంకో గీత కూడా తేలితే మలేరియా.

దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. అయినా కొండ మీది గూడెంలో జ్వరం మలేరియానో కాదో తేలాలంటే చాలా ఏళ్లపాటు నెత్తురు పూసిన గాజు పలక సూక్ష్మదర్శిని ఉన్న చోటికి దిగి రావలసిందే. ఫలితం తిరిగి కొండెక్కేలోపు జ్వరం తన పని తాను చేసుకుపోయేది. ఈ బాధను తప్పించింది ఆ గీతలే. గీతలో ఉన్నది యాంటీబాడీలు. ఆ యాంటీబాడీల వెనక, కిట్ డబ్బా మీద ఎక్కడా పేరు కనపడని ఒక వస్తువుంది. దాని కథే ఇది.

కిట్‌లోని యాంటీబాడీలను సాధారణంగా ఎలుక కణాలతో తయారుచేయిస్తారు. కణాలను పోషక ద్రవంలో పెంచితే అవి యాంటీబాడీలను అందులోకే వదులుతాయి. చచ్చిన కణాల చెత్త, వేరే ప్రోటీన్లు, అన్నీ కలిసిన చారు అది. అందులోంచి మనకు కావలసిన ఒక్కదాన్ని ఏరడం ఎలా? పరిమాణాన్ని బట్టి జల్లించే పద్ధతులు, విద్యుదావేశాన్ని బట్టి విడదీసే పద్ధతులు ఉన్నాయి. కానీ ఒకే పరిమాణంలో ఉన్నవి ఎన్నో ఉంటాయి. సాయంత్రం మంద ఇంటికి రాగానే దూడ అన్ని ఆవుల్నీ దాటుకుని తన తల్లి దగ్గరికే పోతుంది చూశారా, అలాంటి గుర్తింపు కావాలి.

ఆ గుర్తింపును గొట్టంలో పెట్టడానికి రెండు దేశాలు పనిచేశాయి. స్వీడన్‌లోని ఉప్సలాలో ఆక్సెన్, పొరాత్, ఎర్న్‌బాక్ 1967లో ప్రోటీన్లను అగరోజ్ పూసలకు గట్టిగా అంటించే రసాయన మార్గం చూపారు. అగరోజ్ అంటే సముద్రంలో పెరిగే ఎర్ర నాచు నుంచి తీసే జిగురు పదార్థం. పూస వెంట్రుక మందం ఉంటుంది, లోపలంతా తేనెపట్టులా కన్నాలు. మరుసటి ఏడాది అమెరికాలో క్వాట్రెకాసాస్, విల్చెక్, ఆన్‌ఫిన్సెన్ ఆ పూసలకు ఒక ఎంజైమ్ ఇష్టపడే అణువును అతికించి, ఆ ఎంజైమ్‌ను ఒక్క దెబ్బలో శుద్ధి చేశారు. అఫినిటీ క్రొమటోగ్రఫీ అన్న పేరు అలా స్థిరపడింది.

మరి యాంటీబాడీలకు ఎర ఏమిటి? అది దొరికింది సెగ్గడ్డల్లో. సెగ్గడ్డలు లేపే స్టెఫైలోకాకస్ ఆరియస్ బాక్టీరియా ఒంటి నిండా ‘ప్రోటీన్ ఏ’ అనేది ఉంటుంది. యాంటీబాడీని పంగలకర్ర అనుకోండి. రెండు చీలికలు శత్రువును పట్టుకుంటాయి, కింది పిడిని మన రక్షణ కణాలు అందుకుంటాయి. ఈ టక్కరి బాక్టీరియా పోయి పోయి పిడినే పట్టుకుంటుంది. పంగలకర్ర తలకిందులైపోతుంది, రక్షణ కణాలకు పట్టు దొరకదు. 1966లో ఫోర్స్‌గ్రెన్, షోక్విస్ట్ ఈ సంగతి బయటపెట్టారు. 1972కల్లా ప్రోటీన్ ఏ అగరోజ్ పూసల మీదికి ఎక్కింది. 1975లో కోలర్, మిల్‌స్టైన్ ఒకే రకం యాంటీబాడీని ఎంతైనా తయారుచేసే కణాలను సృష్టించాక ఈ పూసలకు గిరాకీ మొదలైంది.

పట్టుకోవడం ఒక ఎత్తు, చెడకుండా వదిలించడం మరో ఎత్తు. పీహెచ్ ఏడు దగ్గర చారు పోస్తే యాంటీబాడీలు పూసలకు అతుక్కుంటాయి, మిగతాదంతా కిందికి కారిపోతుంది. ఆ తర్వాత పీహెచ్ మూడు, మూడున్నర ఉన్న ఆమ్ల ద్రావణం పోస్తారు. పట్టు ఉన్న చోట రెండు వైపులా హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాలు ఉంటాయి. ఆమ్లంలో రెండింటికీ ధనావేశం వచ్చి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, పట్టు జారిపోతుంది. కారే ద్రవంలో ప్రోటీన్ ఎంతుందో చూపే తెర మీద గీత కొండలా లేస్తుంది. పుల్లటి ద్రావణంలో ఎక్కువసేపుంటే యాంటీబాడీలు గుంపుకట్టి పాడవుతాయి కాబట్టి, కింద పెట్టిన గొట్టాల్లో ముందే కాస్త క్షార ద్రావణం పోసి ఉంచుతారు.

చదువుకునే రోజుల్లో ఒక రాత్రి సీసాలో ద్రావణం చూసుకోకుండా కాలమ్‌ను, అంటే పూసలు నింపిన గొట్టాన్ని, వదిలేసి వెళ్లాను. పొద్దున వచ్చి చూస్తే తెల్లటి పూసల బారు ఎండిన చెరువులా నెర్రెలు తీసి ఉంది. దాని ధర చెప్పినప్పుడు నోట మాట రాలేదు.

దీనికి లోపాలు లేకపోలేదు. కిట్లలో ఎక్కువగా వాడే ఎలుక యాంటీబాడీల్లో ఐజీజీ1 అనే రకాన్ని ప్రోటీన్ ఏ అంటీముట్టనట్టు పట్టుకుంటుంది. ఉప్పు బాగా పెంచి బతిమాలాలి, లేదా స్ట్రెప్టోకాకస్ నుంచి వచ్చిన ప్రోటీన్ జీని వాడాలి. ఇంకో ఇబ్బంది శుభ్రం చేయడం. ఫ్యాక్టరీలో కాలమ్‌ను మళ్లీ మళ్లీ వాడాలంటే కాస్టిక్ సోడాతో కడగాలి. అసలు ప్రోటీన్ ఏ ఆ క్షారానికి ఆగదు, అందులోని ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లాలు విరుగుతాయి. వాటిని మార్చి గట్టిపరిచిన రకాలు 2000ల తర్వాత వచ్చాయి. వాటితో అవే పూసలు వంద సార్లకు పైగా పనికొస్తున్నాయి.

ఈ పూసల పని కిట్లతోనే ఆగదు, మందుల్లోనూ ఉంది. హైదరాబాద్‌లో డాక్టర్ రెడ్డీస్ కంపెనీ 2007లో రిటక్సిమాబ్‌ను ‘రెడిటక్స్’ పేరుతో విడుదల చేసింది. లింఫోమా అనే క్యాన్సర్‌కు వాడే యాంటీబాడీ అది. ఇలాంటి మందుల శుద్ధిలో మొదటి మెట్టు సాధారణంగా ‘ప్రోటీన్ ఏ’ పూసల కాలమ్. విడిపించడానికి పోసిన ఆమ్లంలోనే యాంటీబాడీలను కాసేపు ఉంచితే, కొవ్వు పొర ఉన్న వైరస్‌లు కూడా చస్తాయి. ఒక్క పనికి రెండు ఫలితాలు. పాముకాటు మందు దారి మాత్రం వేరు. గుర్రపు ప్లాస్మా నుంచి తీసే ఆ యాంటీబాడీలకు మన దేశంలో సాధారణంగా ఇంత ఖరీదైన పూసలు వాడరు, ఎక్కువగా పాతకాలపు అవక్షేప పద్ధతులే.

మళ్లీ ఆ అరుగు దగ్గరికి. 2013 నుంచి మన మలేరియా కార్యక్రమం వాడుతున్న కిట్ ఫాల్సిపారం, వైవాక్స్ అనే రెండు మలేరియా క్రిములనూ విడిగా చూపిస్తుంది. ఫాల్సిపారం గీత తేలితే ఆర్టిసునేట్ ఉన్న మందు మూడు రోజులు. వైవాక్స్ గీత అయితే క్లోరోక్విన్ మూడు రోజులు, ప్రైమాక్విన్ 14 రోజులు. జ్వరం మూడో రోజుకే తగ్గిపోతుంది, మనిషి పోడు పనికి పోతానంటాడు. మిగతా పదకొండు రోజులూ మాత్ర మింగించడానికి ఆశా కార్యకర్త ఆ ఇంటి చుట్టూ తిరుగుతుంది.