బాయిలో విషం.. గుండెలో సందేశం
కార్బన్ మోనాక్సైడ్ రెండు ముఖాలు, రెండు కెరియర్ దారులు

గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి, శ్రీరాంపూర్‌లలో బాయి పనికి వెళ్లే కుటుంబాలకు కార్బన్ మోనాక్సైడ్ పేరు కొత్త కాదు. రంగు ఉండదు, వాసన రాదు. తల తిరుగుతోందని తెలిసేలోపే మనిషి కూలబడిపోతాడు. అదే వాయువును మన గుండె కణాలు చాలా కొద్ది మోతాదులో తామే తయారు చేసుకుని, సంకేతంగా వాడుకుంటాయి. కెమిస్ట్రీ, లైఫ్ సైన్సెస్, ఫార్మసీ, మైనింగ్.. ఏది చదివినవారికైనా పనికొచ్చే అంశమిది.

గనిలో మొదటి హెచ్చరిక

బొగ్గు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నెమ్మదిగా, తనంతట తానే వేడెక్కుతుంది. పొగ, మంట కనిపించడానికి ముందే కార్బన్ మోనాక్సైడ్ పెరగడం మొదలవుతుంది. అందుకే దాన్ని కొలవడం గని భద్రతలో కీలకం. గాలిలో 50 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 50 పాళ్లు మించకూడదన్నది పరిమితి. ఖర్చయిన ఆక్సిజన్‌కు, పుట్టిన కార్బన్ మోనాక్సైడ్‌కు మధ్య నిష్పత్తిని లెక్కగట్టి బొగ్గు ఎంత వేడెక్కిందో అంచనా వేస్తారు. దీన్నే గ్రాహం నిష్పత్తి అంటారు.

ఒంట్లో ఎలా పుడుతుంది?

మన శరీరంలోనూ ఈ వాయువు పుడుతోందని స్వీడన్ శాస్త్రవేత్త షోస్ట్రాండ్ 1949లో చూపించారు. ఎలా పుడుతుందో 1968లో టెన్హునెన్, మార్వర్, ష్మిడ్ తేల్చారు. పాత ఎర్ర రక్తకణాల్లోని హీమ్‌ను హీమ్ ఆక్సిజనేజ్ అనే ఎంజైమ్ విడగొడుతుంది. అప్పుడు ఇనుము, బిలివెర్డిన్, కార్బన్ మోనాక్సైడ్ విడుదలవుతాయి. ఇది వ్యర్థం మాత్రమే కాదు, నాడీకణాల మధ్య సందేశం కూడా కావచ్చని 1993లో జాన్స్ హాప్‌కిన్స్‌కు చెందిన సోలమన్ స్నైడర్ బృందం ప్రతిపాదించింది. ఇలాంటి మరో వాయువు నైట్రిక్ ఆక్సైడ్. దానిపై చేసిన కృషికే ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ వచ్చింది.

గుండెలో పనేంటి?

గుండె కణాల్లో హీమ్ ఆక్సిజనేజ్ రెండు రకాలుగా ఉంటుంది. రెండో రకం ఎప్పుడూ పనిలో ఉంటుంది. మొదటి రకం మాత్రం ఆక్సిజన్ తగ్గడం వంటి ఒత్తిడి ఎదురైనప్పుడు బాగా పెరుగుతుంది. అప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్ గ్వానిలేట్ సైక్లేజ్‌ను ఉత్తేజపరిచి సైక్లిక్ జీఎంపీని పెంచుతుంది. దాంతో రక్తనాళాలు సడలుతాయి. నైట్రిక్ ఆక్సైడ్‌తో పోలిస్తే ఈ ప్రభావం బలహీనం. కాల్షియం కణంలోకి వచ్చే ద్వారాలను అదుపు చేయడం, కొత్త మైటోకాండ్రియా ఏర్పడేలా ప్రేరేపించడం కూడా ప్రయోగాల్లో కనిపించాయి. ఈ వాయువును కొద్దికొద్దిగా వదిలే అణువులు గుండెకు రక్తం ఆగి మళ్లీ అందినప్పుడు జరిగే నష్టాన్ని ఎలుకల్లో తగ్గించాయి. మనుషుల్లో మాత్రం ఇది ఇంకా ఆమోదం పొందిన చికిత్స కాదు.

మోతాదే అసలు తేడా

కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. బయటి నుంచి ఎక్కువగా పీలిస్తే రక్తం ఆక్సిజన్‌ను మోయలేదు. ఎప్పుడూ ఆగకుండా కొట్టుకునే గుండెకు దెబ్బ తగులుతుంది. ఆదిలాబాద్ చలికాలంలో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి పడిపోవడం మామూలే. అద్దె గదుల్లో ఉండే విద్యార్థులు తలుపులు మూసి బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవద్దు. ‘మన ఒంట్లోనూ పుడుతుందిగా’ అన్న మాట ఇక్కడ పనికిరాదు. తలనొప్పి, వాంతి వచ్చేలా ఉంటే వెంటనే బయటి గాలిలోకి వచ్చి ఆస్పత్రికి వెళ్లాలి.

ఏ దారిలో వెళ్లొచ్చు?

- గని భద్రత: మైనింగ్ డిప్లొమా చేసినవారు అనుభవంతో పాటు గ్యాస్ టెస్టింగ్, ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్లు సంపాదిస్తే ఓవర్‌మ్యాన్ పరీక్షకు సిద్ధం కావచ్చు. సర్టిఫికెట్ల పరీక్షలను గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్, డీజీఎంఎస్ చూస్తుంది.
- పరిశోధన: బీఎస్సీ తర్వాత సీపీగెట్ రాసి శాతవాహన, కాకతీయ వంటి యూనివర్సిటీల్లో పీజీ చేయొచ్చు. ఆ తర్వాత సీఎస్ఐఆర్-యూజీసీ నెట్. లైఫ్ సైన్సెస్ సిలబస్‌లో కణ సంకేతాలకు, గుండె పనితీరుకు చోటుంది. జేఆర్‌ఎఫ్ వస్తే నెలకు రూ.37,000 ఫెలోషిప్. హైదరాబాద్‌లోని సీసీఎంబీ లాంటి సంస్థల్లో పీహెచ్‌డీకి ఇది ఉపయోగపడుతుంది.
- ఔషధ రంగం: బీఫార్మసీవారికి జీప్యాట్, ఆ తర్వాత హైదరాబాద్ నైపర్ వంటి సంస్థల్లో పీజీ మంచి మెట్టు.

ఇంటర్వ్యూలో అడిగితే..

‘విషం సంకేతం ఎలా అవుతుంది?’ అని అడిగితే మూడు ముక్కల్లో చెప్పండి. ఎక్కడ పుడుతుంది: హీమ్ విడిపోయినప్పుడు. దేన్ని పట్టుకుంటుంది: హీమ్ ఉన్న ప్రొటీన్లను. తేడా ఎక్కడుంది: మోతాదులో. గ్రాహం నిష్పత్తినీ, హీమ్ ఆక్సిజనేజ్‌నూ ఒకే సమాధానంలో కలిపి చెప్పగలిగితే ఈ అణువు మీకు అర్థమైందని ఎదుటివారికి తెలుస్తుంది. బొగ్గు ప్రాంతంలో పెరిగినవారికి అందులో సగం ఇంట్లో విన్నదే. మిగతా సగం పుస్తకంలో చదువుకోవాలి.